ఇటలీ పగడం కొంటున్నారా? టొర్రె డెల్ గ్రెకో పేరు చెప్పి రంగు పూసలు అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇటలీ టూర్‌కి వెళ్లే మనవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. నేపుల్స్ నుంచి పాంపేయి వెళ్లే దారిలో మా బస్సుని ఒక పగడాల షోరూమ్ దగ్గర ఆపారు. ఇదే టొర్రె డెల్ గ్రెకో, లోకమంతటికీ పగడం పంపే ఊరు అని గైడు చెప్పాడు. మా అమ్మాయి మంగళసూత్రంలో గుచ్చడానికి పగడాలు, మా ఆవిడకి ఒక దండ తీసుకున్నాం. మొత్తం 640 యూరోలు. అవి రంగు వేసిన బ్యాంబూ కోరల్ (ఎర్ర పగడం కాని వేరే జాతి, చవక రకం) అని ఇంటికొచ్చాక తేలింది. బిల్లు మీదున్న అడ్రసు అసలు ఆ ఊరిదే కాదు.

పట్టుకున్నది మా కంసాలి ఆచారిగారు. పూస తీగకి ఎక్కించబోతూ బెజ్జం దగ్గర ఆగిపోయారు. అంచున ముదురు ఎరుపు, లోపలికి వెళ్లేకొద్దీ పాలిపోయిన తెలుపు. భూతద్దం నా చేతికిచ్చి పూస మీద గీతలు చూడమన్నారు. అసలు పగడానికీ నిలువు గీతలుంటాయి గానీ అవి చాలా సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. మా పూసల మీద గీతలు ఎడంగా, మామూలు కంటికే కనిపిస్తున్నాయి, వాటిలో రంగు పేరుకుని ఉంది. దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి రుద్దితే దూది గులాబీ రంగుకి తిరిగింది. జెమ్ ల్యాబ్ రిపోర్టు కూడా అదే చెప్పింది.

అసలు మోసమంతా సర్టిఫికెట్‌లో ఉంది. దాని మీద 'నేచురల్ కోరల్' అని మాత్రమే రాశారు. షాపువాళ్లకి మెయిల్ పెడితే, బ్యాంబూ కోరల్ కూడా సముద్రంలో పుట్టిన కోరలే కదా, మేం అబద్ధం రాయలేదు అని జవాబిచ్చారు. జాతి పేరు లేదు, రంగు వేశారో లేదో లేదు. నోటితో టొర్రె అన్నారు, మెడిటెరేనియన్ (మధ్యధరా సముద్రం) అన్నారు, కాగితం మీద ఏదీ పెట్టలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ ఊరి పేరు వాడుకోవడం. టొర్రె డెల్ గ్రెకో వెసూవియస్ అనే అగ్నిపర్వతం కింద, సముద్రం ఒడ్డున ఉంటుంది. 1794 జూన్‌లో లావా ఊరి మీదుగా సముద్రం దాకా పారింది. శాంతా క్రోచే చర్చి పూడిపోయింది, దాని గంటస్తంభం కింది భాగం ఈరోజుకీ భూమిలోనే ఉంది. అయినా జనం ఊరు వదల్లేదు, ఆ లావా మీదే మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. 1861లో కొండ మళ్లీ పేలింది, మళ్లీ నిలబడ్డారు. విధి దెబ్బ తీసినా తిరిగి లేస్తాను అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఆ ఊరి నినాదం.

వాళ్ల పడవలు పగడం కోసం సార్డీనియా, ఉత్తర ఆఫ్రికా తీరాల దాకా వెళ్లేవి. ఆ వేటకి 1790లో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. 1805లో మార్టిన్ అనే మార్సెయ్ వ్యాపారి రాజు అనుమతితో అక్కడ పగడం చెక్కే కార్ఖానా పెట్టాడు. 1878లో పగడం చెక్కడం నేర్పే బడి మొదలైంది. శంఖాల మీద బొమ్మలు చెక్కే కామియో పని కూడా అక్కడిదే. మనకీ మధ్యధరా సముద్రపు పగడానికీ బంధం ఇంకా పాతది. మన ముత్యాలంటే రోమన్ ఆడవాళ్లకి ఎంత మోజో, పగడమంటే భారతీయులకి అంత మోజు అని ప్లీనీ అనే రోమన్ రచయిత రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. మధ్యధరా పగడం కొమ్మ ఏడాదికి మిల్లీమీటరు మందం కూడా పెరగదు. దాని ధర వెనకున్న కథ అది.

కొనేవాళ్లు బిల్లు మీద 'కొరాలియమ్ రుబ్రమ్' (మధ్యధరా ఎర్ర పగడం శాస్త్రీయ నామం) అని, రంగు వేయలేదని రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. టొర్రెలో జపాన్, తైవాన్ పగడం కూడా చెక్కుతారు, అది తప్పేం కాదు, కానీ అది ఏ పగడమో చెప్పి అమ్మాలి. కుదిరితే బస్సు ఆపిన చోట కాకుండా, నేపుల్స్ నుంచి సర్కమ్‌వెసూవియానా రైలెక్కి ఊళ్లోకే వెళ్లి, పని జరుగుతున్న చోట చూసి కొనండి.

పాలలో వేసి చూడడం, నిమ్మకాయ పిండి చూడడం లాంటివి నమ్మకండి. బ్యాంబూ కోరల్ కూడా సున్నపు పదార్థమే కాబట్టి పులుపు తగిలితే రెండూ ఒకేలా పొంగుతాయి, పైగా అసలు పగడం పాడవుతుంది. రంగు మీద రెసిన్ పూత ఉంటే దూది పరీక్ష కూడా పనిచేయదు. ఖరీదైనదైతే ల్యాబ్‌లో చూపించాల్సిందే.

డబ్బు కార్డు మీదే కట్టండి. నేను ల్యాబ్ రిపోర్టు, బిల్లు, మెయిల్ జతచేసి, చెప్పిన సరుకు ఇవ్వలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, అది నడుస్తోంది కాబట్టే షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి షోరూమ్‌లో ఇప్పటికే కొన్నవాళ్లు ముందు బిల్లు తీసి అడ్రసు చూడండి. డిస్ప్యూట్‌కి గడువు ఉంటుంది, అది ఎప్పటిదాకానో మీ బ్యాంకుని ఇవాళే అడగండి.