మిర్చి యార్డు గొంతుకు ఎల్మ్ పట్ట పొడి: కొన్ని సీజన్లు వాడిన తరువాత

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజను ఊపందుకున్నప్పుడు, అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో కూర్చుని పొద్దంతా చిట్టాలు రాసే మనిషి గొంతు సాయంత్రానికి ఎలా తయారవుతుందో ఆ పని చేసినవారికి చెప్పనక్కరలేదు. తేజ అనే ఘాటైన రకం మిర్చి బస్తా మూతి విప్పింది మొదలు కాంటా అయ్యేదాకా గాలిలో ఘాటు తేలుతూనే ఉంటుంది. నీళ్లు ఎన్ని తాగినా ఆ మంట పోదు. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి నీళ్లు దాన్ని కడిగివేయలేవు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు స్లిప్పరీ ఎల్మ్ అనే చెట్టు లోపలి పట్ట పొడిని మొదటిసారి పంపింది ఈ బాధకే. ఇన్నాళ్ల తరువాత కూడా నేను దాన్ని మెచ్చుకునేది ఒకే ఒక్క గుణానికి, అది దాని జిగురు.

చెంచాడు పొడిని ముందుగా కొద్దిపాటి చల్లని నీళ్లతో ముద్దగా కలిపి, ఆ తరువాత వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పితే, రెండు మూడు నిమిషాల్లో గ్లాసులోని ద్రవం చిక్కబడి పలుచని జావలా మారుతుంది. ఒకేసారి వేడినీళ్లు పోస్తే ఉండలు కడతాయి, వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. రుచి చప్పగా ఉంటుంది, సన్నని మెంతి వాసన వస్తుంది. చిన్న గుక్కను నోట్లో కాసేపు నిలిపి నెమ్మదిగా మింగితే, గొంతు వెనుక గోడ మీద ఒక మెత్తని పొర పరచుకున్నట్లు స్పష్టంగా తెలుస్తుంది. మంట ఆరిపోదు గాని దానికి ముసుగు పడుతుంది. మిరియాల పాలు, అతిమధురం, ఉప్పునీటి పుక్కిలింత అన్నీ చేసి చూసినవాణ్ణి కనుక ఈ తేడాను కొంత నమ్మకంతోనే చెబుతున్నాను.

మూడో సీజనులో తమ్ముడు, పొడి దారిలో ఒలికిపోతోందని, కలుపుకునే శ్రమ కూడా తప్పుతుందని, అదే పట్టను క్యాప్సూళ్ల రూపంలో పంపాడు. సీసా చూడటానికి ముచ్చటగా ఉంది. ఫిబ్రవరి నెల, యార్డులో అడుగు పెట్టడానికి చోటు లేనంతగా సరుకు దిగుతున్న రోజులు. ఉదయం, సాయంత్రం సీసా మీద రాసినట్లే మింగాను. వారం గడిచినా గొంతులో వెంట్రుకంత మార్పు కనిపించలేదు. సరుకు నకిలీదేమోనన్న అనుమానంతో ఒక రాత్రి నాలుగైదు క్యాప్సూళ్లు విప్పి, లోపలి పొడిని గ్లాసులో పోసి పాత పద్ధతిలోనే కలిపాను. ఒక్కోదానిలో ఉన్నది 400 మిల్లీగ్రాములే కాబట్టి అంత చిక్కగా రాలేదు గాని, జిగురు మాత్రం వచ్చింది. తాగగానే గొంతుకు తెలిసిన ఆ పాత హాయి కూడా వచ్చింది. పట్ట అసలైనదే, తేడా దారిలో ఉంది. క్యాప్సూల్ గొంతును తాకకుండా జారిపోయి కడుపులో విచ్చుకుంటుంది; ఈ జిగురు పనిచేసేదేమో తాకిన చోటనే. రక్తంలో కలిసి తిరిగి వచ్చి గొంతును నయం చేసే మందు కాదిది, కేవలం పూత. కడుపు మంట ఉన్నవారికి ఆ క్యాప్సూళ్లు ఏమైనా ఉపకరిస్తాయేమో. మిర్చి ఘాటుకు గొంతు మండుతున్నవారికి అవి దండగ. మిగిలిన సీసానంతా ఆ సీజను పొడుగునా విప్పి కలుపుకుంటూనే ఖాళీ చేశాను, అది ఎంత విసుగు పనో చెప్పలేను.

మొదటి ఏడాది నేను పక్క దుకాణాల గుమాస్తాలందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ పొర నిలిచేది తరువాతి చాయ్ వరకో, భోజనం వరకో మాత్రమే. గొంతు బొంగురుపోతే దీనివల్ల నేరుగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే మనం మింగేది ఏదైనా స్వరతంత్రులను తాకకుండా అన్నవాహికలోకి పోతుంది. ఛాతీలో నుంచి వచ్చే పొడి దగ్గుకు కూడా ఇది చాలలేదు. ఆ దగ్గు తగ్గింది నేను మంచి మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టిన తరువాతే. మా హమాలీలు తువ్వాలను ముక్కుకు చుట్టుకుని చేసే పని అదే, వారికి ఏ అమెరికా పట్ట పొడీ అక్కరలేకపోయింది. హనుమకొండలో నన్ను చూసిన గొంతు వైద్యుడు పొడికి అడ్డు చెప్పలేదు గాని, ఈ జిగురు కడుపులో మాత్రలను కూడా చుట్టుకుని అవి ఒంటబట్టడాన్ని ఆలస్యం చేయవచ్చని, బీపీ మాత్రకు దీనికి కనీసం రెండు గంటల ఎడం ఉంచమని చెప్పారు. అప్పటి నుంచి మాత్ర ఉదయం, జావ సాయంత్రం. గర్భిణులు వాడరాదని పొట్లం మీదే రాసి ఉంటుంది.

ఇదే ఎల్మ్ కుటుంబానికి చెందిన నెమలినార మన అడవుల్లోనూ ఉంది కదా, దాని పట్ట సరిపోదా అని ఒకరు అడిగారు. కుటుంబం ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. నెమలినార పట్టను మనవారు కీళ్ల నొప్పులకు పైపూతగా వాడతారు, నేనైతే దాన్ని తాగే సాహసం చేయను.

ఇక కొనాలా వద్దా అంటే, అది ఎవరి పరిస్థితిని బట్టి వారు తేల్చుకోవలసిందే. నాకు పంపే తమ్ముడు ఉన్నాడు కాబట్టి ధర బాధ తెలియలేదు. సొంత డబ్బుతో విదేశీ సరుకు తెప్పించుకోవాలంటే ఆలోచించేవాణ్ణేమో. పొట్లం అయిపోయిన రోజుల్లో పచారీ కొట్టులో దొరికే మంచి తుమ్మబంక ముక్కను బుగ్గన పెట్టుకుని చప్పరిస్తే, ఈ జావ ఇచ్చే హాయిలో సగమైనా దక్కింది, ఖర్చు మాత్రం దానితో పోల్చదగినది కాదు. పైగా మా దుకాణానికి ఈ మధ్య చపాట రైతులు ఎక్కువగా వస్తున్నారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిరపకు రంగు ఎక్కువ, కారం తక్కువ. అందువల్ల నా గొంతుకు ఇటీవల దొరికిన ఉపశమనంలో పట్ట పొడి వాటా ఎంత, చపాట వాటా ఎంత అనేది తేజ కుప్పల మధ్యే కూర్చునే గుమాస్తా ఎవరైనా వాడి చెబితే గాని తేలదు.