ఛాంబర్ విప్పి షెల్స్ మార్చడమా, ఇంజన్ దించడమా? పాత మారుతి 800కి ఏది మేలు?

మా ఇంట్లో 1998 నాటి మారుతి 800 ఒకటి ఉంది. నాన్న కొన్నది. అమ్మితే వచ్చే డబ్బు కంటే దాన్ని అమ్మామన్న బాధే ఎక్కువగా ఉంటుందని ఉంచేశాం. పోయిన వేసవిలో దాని ఇంజన్ అడుగు నుంచి "డక్ డక్" అని మోత మొదలైంది. పొద్దున స్టార్ట్ చేస్తే అంతగా వినిపించదు. నాలుగైదు కిలోమీటర్లు పోయి ఇంజన్ వేడెక్కాక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మాత్రం ఎవరో కింద నుంచి సుత్తితో కొడుతున్నట్టే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఆగితే ఆయిల్ లైటు ఎర్రగా మినుకుమంటుంది.

తెలిసిన షెడ్డులో చూపిస్తే రెండు నిమిషాలు విని, "ఇంజన్ దించాలి సార్, ఫుల్ పని" అన్నారు. బానెట్ కూడా ఎత్తలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగి చూశాను. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో లాగాలి సుమా, ఉత్త చేత్తో లాగితే షాక్ కొడుతుంది. మొదటిది లాగితే తేడా లేదు. రెండోది లాగగానే మోత సగానికి పడిపోయింది. ఆ సిలిండర్‌లో మంట ఆగితే, పిస్టన్‌ను క్రాంక్‌తో (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసుతో) కలిపే కనెక్టింగ్ రాడ్ మీద బరువు తగ్గుతుంది, అరిగిన బేరింగ్ కొట్టుకోవడమూ తగ్గుతుంది. ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) శబ్దం పై నుంచి, సన్నగా, కుట్టుమిషన్‌లా ఉంటుంది. ఇది కింద నుంచి వచ్చే బరువైన మోత. అంటే రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయిందన్నమాట.

ఇలాంటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. ఒకటి, కారు కింద పడుకుని ఆయిల్ ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, ఇంజన్ ఉన్నచోటే రాడ్ షెల్స్, అంటే ఆ బేరింగ్ ముక్కలు, మార్చడం. రెండు, ఇంజన్ దించి క్రాంక్ గ్రైండింగ్ (అరిగిన చోట్లు మిషన్ మీద నున్నగా చెక్కించడం) చేయించడం. మూడు, సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి వేయడం. నాలుగో దారీ ఉంది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోను: చిక్కటి ఆయిల్ పోసి, మోత కాస్త తగ్గగానే ఎవరో ఒకరికి అంటగట్టడం. పాత బండి కొనేవాళ్ళు ఇంజన్ బాగా వేడెక్కాక విని తీరాలనేది ఇందుకే.

ఏ దారి మేలో చెప్పాల్సింది షెడ్డు వాళ్ళూ కాదు, మన జేబూ కాదు. క్రాంక్ పిన్, అంటే క్రాంక్ మీద రాడ్ పట్టుకునే చోటు. షెల్ మెత్తటి లోహపు పూతతో చేసిన పల్చటి అరచందమామ ముక్క. తాను అరిగి క్రాంక్‌ను కాపాడటమే దాని పని. షెల్ ఒక్కటే అరిగితే చిన్న ఖర్చుతో పోతుంది. పిన్ మీద గీతలు పడితే ఎన్ని కొత్త షెల్స్ వేసినా నెల తిరక్కుండా మోత మళ్ళీ మొదలవుతుంది. పిన్ కనిపించాలంటే ఛాంబర్ దించాలి. కాబట్టి చివరికి ఏ దారిన పోయినా మొదటి దారిలో సగం పని ముందు చేసేయడమే తెలివి. షెల్స్ ముందే కొనొద్దు. అవి స్టాండర్డ్ సైజువా, అండర్‌సైజువా (గ్రైండింగ్‌తో సన్నబడ్డ పిన్‌కు వేసేవా) అన్నది పాత షెల్ వీపు చూస్తే గానీ తెలియదు.

ఇక లిఫ్ట్ లేకుండా కింద దూరడం ఎలా? గుంత ఉంటే హాయే గానీ ఇళ్ళల్లో ఎక్కడుంటుంది? పైగా గుంతలో పెట్రోల్ ఆవిరి అడుగున నిలుస్తుంది, బల్బు పట్టుకుని దిగితే ప్రమాదం. ముందు చక్రాలు ఎక్కించే ఇనుప ర్యాంపులు తేలిక. ఎక్కించి, వెనక చక్రాలకు చెక్కలు పెట్టేస్తే చాలు. కానీ పక్కకు దొర్లడానికి చోటుండదు. నేను స్టాండులు వాడాను. జాకీతో ఎత్తి, బాడీకి బలమైన చోట రెండు వైపులా స్టాండులు పెట్టి, జాకీ కాస్త దించి బరువంతా వాటి మీదికి వదిలాను. అప్పుడు కారును పక్క నుంచి గట్టిగా ఊపి చూడాలి. ఊగితే స్టాండులు మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. ఒట్టి జాకీ మీద కారుంచి కింద దూరడం ఆత్మహత్యతో సమానం. హైడ్రాలిక్ జాకీ సీలు ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు. ఇటుకలూ అంతే, మూడు రోజులు మోసి నాలుగో రోజు ముందు చెప్పకుండా పగిలిపోతాయి. స్టెప్నీ టైరు విప్పి బాడీ అంచు కిందకు తోశాను, ఎందుకైనా మంచిదని. ఇంకొక్క మాట: ఈ కారుకు ముందు చక్రాలు లేపినప్పుడు గేర్‌లో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, గేర్ పట్టి ఉంచేది గాల్లో ఉన్న ఆ చక్రాలనే. పట్టేది వెనక చక్రాల మీద పనిచేసే హ్యాండ్ బ్రేకూ, మనం పెట్టిన చెక్కలూ మాత్రమే.

ఆయిల్ వదిలేసి, సైలెన్సర్ ముందు పైపూ, క్లచ్ హౌసింగ్ కింది రేకూ తీశాక ఛాంబర్ బోల్టులు విప్పడమే. అన్నీ వదులైనా ఛాంబర్ గమ్ పట్టుకుని రాదు. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు వంగి తర్వాత ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో మూలల మీద తట్టాలి. ఛాంబర్ అడుగున మిగిలిన నల్లటి ఆయిల్‌ను వేలితో రాసి ఎండలో చూస్తే వెండి పొడిలా మెరిసింది. అది షెల్ పూత. ఆయిల్ పంపు ఆయిల్ పీల్చుకునే స్ట్రెయినర్ జాలీ సగం జిడ్డుతో పూడుకుపోయి ఉంది. అసలు దొంగ అక్కడున్నాడు. ఆయిల్ సరిగ్గా అందకే బేరింగ్ అరిగింది. జాలీ కడగకుండా షెల్స్ మారిస్తే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

ప్లగ్గులు తీసేస్తే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి మా బావమరిది పై నుంచి తిప్పుతుంటే, నేను కింద పడుకుని "ఆపు, ఆపు" అంటూ ఉన్నాను. మూడు సిలిండర్ల ఇంజన్ కదా, ఏ రెండు పిన్నులూ ఒకేసారి కిందికి రావు, ఒక్కోదాన్ని విడిగా తిప్పి తెచ్చుకోవాలి. క్యాప్ (పిన్ కింద రాడ్‌ను మూసే సగం ముక్క) విప్పే ముందు రాడ్ మీదా క్యాప్ మీదా పంచ్‌తో చుక్కలు కొట్టాను. ఒకటో దానికి ఒకటి, రెండో దానికి రెండు. క్యాప్‌లు తారుమారైనా, ఎదురు తిరిగినా కొత్త షెల్ కూడా పట్టేస్తుంది. నట్లు తీయగానే రాడ్ బోల్టుల కొసలకు పెట్రోల్ పైపు ముక్కలు తొడిగాను. లేకపోతే ఆ మరలే పిన్‌ను గీసేస్తాయి. బాగున్న పిన్‌ను మన చేత్తో పాడు చేసుకున్నట్టవుతుంది.

రెండో క్యాప్ చేతిలోకి వచ్చింది. షెల్ బూడిద రంగులో ఉండాల్సింది పోయి, మధ్యలో రాగి రంగు బయటపడింది. "బావా, బంగారం దొరికింది!" అన్నాడు వాడు. పాత షెల్ వీపు మీద అండర్‌సైజు అంకె లేదు. అంటే స్టాండర్డ్. ఇంతకు ముందు ఎవరూ ఈ క్రాంక్ గ్రైండింగ్ చేయలేదు.

ఇక పిన్ సంగతి. గుడ్డతో తుడిచి గోరు అడ్డంగా లాగాలి. గోరు తగులుకుంటే అక్కడితో మొదటి దారి మూసుకుపోయినట్టే. మాది తగులుకోలేదు. కానీ గోరు ఒక్కటే చాలదు, పిన్ గుండ్రం పోయి కోలగా అరిగి ఉండొచ్చు. 25–50 మి.మీ. మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా, రెండు అంచుల దగ్గరా కొలవాలి. తేడా 0.01 మి.మీ. దాటితే సుజుకీ లెక్కలో అది గ్రైండింగ్‌కు వెళ్ళాల్సిందే. వెల్లకిలా పడుకుని, కంట్లో ఆయిల్ చుక్క పడకుండా చూసుకుంటూ కొలవడం సర్కస్ అనుకోండి. నేను ఒక్కో పిన్నూ మూడేసి సార్లు కొలిచాను.

తర్వాత కొత్త స్టాండర్డ్ షెల్స్ తెచ్చాను, మూడు రాడ్లకు ఆరు ముక్కలు. రెండోది ఒక్కటే పోయింది కదా అని ఒక్కటే మార్చడం పిసినారితనం. షెల్స్ ఖరీదు కంటే పోసే ఆయిలే ఎక్కువవుతుంది. పిస్టన్‌ను కాస్త పైకి తోసి పై షెల్‌ను నాలుక లేని వైపు నుంచి నెడితే జారి వస్తుంది. కొత్త షెల్ వీపు పొడిగా ఉండాలి, అక్కడ ఆయిల్ రాయకూడదు.

పిన్‌కూ షెల్‌కూ మధ్య సందు ఎంతుందో చూడటానికి ప్లాస్టిగేజ్ అనే మైనం దారం వాడాలి. ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మి.మీ. వరకు కొలుస్తుంది. చిన్న ముక్క పిన్ మీద పెట్టి, క్యాప్ బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పితే దారం ఎంత వెడల్పుగా నలిగిందో చూసి సందు చెప్పొచ్చు. ఇలాంటి చిన్న ఇంజన్లకు కొత్తలో 0.02–0.05 మధ్య ఉంటుంది. 0.08 దాటకూడదు. చిక్కేమిటంటే పై నుంచి ఆయిల్ కారుతూనే ఉంటుంది, తడి తగిలితే కొలత తప్పు. ఆ రాత్రికి పని ఆపి మర్నాడు పొద్దున చేశాం. తర్వాత షెల్ లోపలి వైపు ఆయిల్ రాసి, నట్లను మాన్యువల్ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించాను. మామూలు పానాతో "సరిపోయిందిలే" అని బిగించే పని కాదిది. రాడ్ నట్ నడిరోడ్డు మీద వదులైతే రాడ్ బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది.

మొత్తం రెండున్నర రోజులు పట్టింది. అలవాటున్న మెకానిక్‌కైతే ఒక్క రోజు పని.

మరి ఇంజన్ దించడం ఎప్పుడు మేలు? పిన్ మీద గీతలుంటే అది తప్ప దారి లేదు. ఎమ్రీ పేపరు చుట్టి పిన్ను రుద్దేస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళుంటారు. రుద్దితే గీతలు పోవు, గుండ్రం పోతుంది. క్రాంక్ బయటికి తీసి, మూడు పిన్నులూ ఒకే సైజుకు, మొదటిసారికి 0.25 మి.మీ., గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ అండర్‌సైజు షెల్స్ వేయాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పనికి వీధులే ఉన్నాయి. అయితే మైక్రోమీటర్ వెంట తీసుకెళ్ళి, గ్రైండింగ్ అయ్యాక క్రాంక్ మీ చేతికిచ్చేటప్పుడు పిన్నులు అక్కడే కొలవండి. ఇంజన్ దించడంలో లాభాలూ ఉన్నాయి. మెయిన్ బేరింగులు (క్రాంక్‌ను బ్లాకులో పట్టి ఉంచేవి), వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు అన్నీ చూసుకోవచ్చు. పొగ కూడా వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు పని ఎలాగూ ఉంటుంది, అప్పుడు కింద పడుకుని షెల్స్ మార్చడం దండగ. కానీ ఇంట్లో చైన్ పుల్లీ కట్టి ఇంజన్ లేపడం మాత్రం నా సలహా కాదు. పోర్టికో స్లాబుకు హుక్కు ఉంది కదా అని వేలాడదీస్తే, ఆ హుక్కు ఫ్యాను కోసం వేసింది. ఈ దారిన పోవాలంటే షెడ్డుకే ఇవ్వండి.

సెకండ్ ఇంజన్‌ది వేరే కథ. రాడ్ వంగినా, బ్లాకు పగిలినా దాని గురించి ఆలోచించాలి. తక్కువలో దొరుకుతుంది, ఒక్క రోజులో ఎక్కుతుంది. కానీ దాని బేరింగులు ఎలా ఉన్నాయో మనకు తెలియదు. ఒక తెలియని జబ్బు వదిలించుకుని ఇంకో తెలియని జబ్బు తెచ్చుకున్నట్టు. పైగా ఆర్‌సీలో ఇంజన్ నంబరు మార్పించాలి, లేకపోతే ఫిట్‌నెస్ దగ్గరో, అమ్మేటప్పుడో పట్టుబడతాం. తీసుకున్నా సరే, బిగించే ముందు నేల మీద ఉండగానే ఛాంబర్ విప్పి ఒక్క క్యాప్ తీసి చూడండి.

మా కారు విషయానికొస్తే, ఛాంబర్‌కు గమ్ రాసి ఒక రాత్రి ఆరనిచ్చి, కొత్త ఫిల్టరు వేసి ఆయిల్ పోశాను. డిస్ట్రిబ్యూటర్ మధ్య వైరు తీసి బాడీకి తగిలించి, స్టార్ట్ కాకుండా సెల్ఫ్ కొట్టాం. ఏడెనిమిది సెకన్లకు ఆయిల్ లైటు ఆరింది. అప్పుడే వైరు పెట్టి స్టార్ట్ చేశాం. మోత లేదు. మూడు వందల కిలోమీటర్లకే ఆ ఆయిల్ కూడా వదిలేసి, ఎండలో వేలి మీద రాసి చూశాను. మెరుపు లేదు, ఉత్త ఆయిలే. "ఇక క్లచ్ కూడా మనమే చేద్దామా బావా?" అన్నాడు బావమరిది, ఇంకా గోళ్ళలో మసి పోకుండానే. క్లచ్‌కు గేర్‌బాక్స్ దించాలి. అది నా గుండెల మీద పెట్టుకునే బరువు కాదని చెప్పేశాను.