ఇంగ్లండ్‌లో పిల్లల బడి: ప్రభుత్వానిదా, ప్రైవేటుదా?

ముందు ఒక తిరకాసు: అక్కడ ‘పబ్లిక్ స్కూల్’ అంటే ఖరీదైన ప్రైవేటు బడే!

ఖర్చు: ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, మొదటి మూడు తరగతులకు (ఒకటో తరగతికి ముందుండే రిసెప్షన్, ఆపై ఒకటి, రెండు) మధ్యాహ్న భోజనమూ ఉచితమే. ప్రైవేటులో 2025 జనవరి నుంచి ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడా.

సీటు: ప్రభుత్వ బడిలో సాధారణంగా దగ్గర్లో ఉండేవారికి ప్రాధాన్యం. అందుకే పేరున్న బడి చుట్టూ ఇంటి అద్దెలు ఎక్కువ. ఫీజు లేదన్న సంబరం అక్కడే సగం ఆవిరి. ఏడాది మధ్యలో వెళితే ఖాళీ ఉన్న బడితో సర్దుకోవాలి. ప్రైవేటులో చిరునామా అడ్డు కాదు, ప్రవేశపరీక్ష ఉండవచ్చు.

చిన్నపిల్లలైతే నా ఓటు ప్రభుత్వ బడికే. జీసీఎస్‌ఈ (మన పదో తరగతి పరీక్షల్లాంటివి, పదహారేళ్ల వయసులో రాసేవి) చదువు మధ్యలో చేరాల్సిన పిల్లలుంటే, లేదా ఫీజు మీరు పనిచేసే కంపెనీ భరిస్తానంటే, ప్రైవేటు వైపు చూడండి.