కారవాన్‌లో రాయగడ, నాగావళి బండల మీద తీరిగ్గా ఒక నడక

విశాఖ నుంచి మేనత్త వాళ్ళు కారవాన్ (పడకలు, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని వస్తున్నారనగానే ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో పట్టుకున్న బెంగ ఒకటే, అంత బండిని ఎక్కడ పెట్టిస్తాం అని. మా వీధిలో ఆటో తిప్పడమే గగనం. చివరికి తెలిసిన లాడ్జి ఆవరణలో పెట్టించాం. పార్కింగుకీ, కరెంటు ప్లగ్గుకీ విడిగా డబ్బులు తీసుకున్నారు. ఇవ్వొచ్చు, ఎందుకంటే ప్లగ్గు లేకపోతే రాత్రి ఏసీ నడవదు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్, అంతవరకే.

పొద్దున్నే మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకున్నాం. ఆదివారం కాదు కాబట్టి తోపులాట లేదు. బయట టిఫిన్ బండి దగ్గర గారెల మీద చట్నీతో పాటు ఘుగుని (బఠాణీల కూర) కూడా వేసి ఇచ్చాడు. ఒకసారి అలవాటైతే ఉత్త చట్నీతో తినబుద్ధి కాదు.

హాతిపథర్ మా ఊరికి మూడు నాలుగు కిలోమీటర్లే. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి ఇక్కడ రాళ్ళ మధ్య ఇరుక్కుని పారుతుంది. ఏనుగుల్లా కనిపించే పెద్ద బండల వల్లే ఆ పేరు. పిల్లలు వాటితో ఫొటోలు దిగుతుంటే నేను కింద బండల్లో పడిన గుంటల దగ్గర ఆగిపోయాను. వరదనీటి సుడిలో గులకరాళ్ళు ఏళ్ళ తరబడి గిర్రున తిరిగి రాతిని తొలిచేశాయి. గుంట లోపలి గోడ మీద చెయ్యి పెడితే గాజంత నున్నగా ఉంది, అడుగున ఆ గులకరాళ్ళు ఇంకా ఉన్నాయి.

నడక పెద్ద కష్టమేం కాదు, ఎక్కుడూ దిగుడూ తక్కువ. నాచు పట్టిన రాయి మీద మాత్రం చెప్పులు జారతాయి, పట్టు ఉన్న బూట్లు మేలు. వానాకాలం అసలు దిగొద్దు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. నవంబరు నుంచి జనవరి వరకు బండలు బయటపడి హాయిగా ఉంటుంది.

అత్తయ్య సగం దూరం వచ్చి, "మీరెళ్ళి రండిరా, నా మోకాళ్ళకి ఇంతే రాసిపెట్టుంది," అని వెనక్కి తిరిగింది. మేం వచ్చేసరికి కారవాన్‌లో పడుకుని ఓ కునుకు తీసి, లేచి టీ కూడా పెట్టేసింది. బండి కాస్త వాలులో నిలబెట్టడంతో తలవైపు కిందికి దిగిందట, డ్రైవరు చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేశాడు. కొండ ప్రాంతంలో పెద్దవాళ్ళతో తిరిగేటప్పుడు శుభ్రమైన టాయిలెట్ చేతికందే దూరంలో ఉండటం ఎంత సుఖమో అత్తయ్యే చెప్పాలి. నా లెక్కలో ఆ అద్దె గిట్టింది అక్కడే.

కుర్రాళ్ళు నలుగురైతే ఈ ఖర్చు దండగ. విజయనగరం మీదుగా రాయగడకి రైళ్ళున్నాయి, స్టేషన్లో దిగితే ఆటోలు దొరుకుతాయి.

సాయంత్రం చెకగూడ వేలాడే వంతెనకు మాత్రం ఆటోలోనే వెళ్ళాం. ఆ దారిలో కారవాన్ ఎందుకని డ్రైవరే వద్దన్నాడు, మంచి పని చేశాడు. బుక్ చేసేటప్పుడు ఒడిశా పర్మిట్ ఎవరి ఖర్చు, అద్దెలో రోజుకి ఎన్ని కిలోమీటర్లు కలుపుతారు, డ్రైవరు బత్తా, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయించే పని ఎవరిది, ఈ నాలుగూ ముందే అడిగేయండి. చివరిది మా వాళ్ళు అడగలేదు, తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి దాని మీదే ఫోన్లో పెద్ద పంచాయితీ నడిచింది.