హౌసింగ్ ఆయిల్: ఖరీదైన సింథటిక్ మేలా, చవకదే త్వరగా మార్చడం మేలా?

ఇంజిన్ ఆయిల్ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. కిలోమీటర్లు నిండగానే బండిని షెడ్డుకు తోలతాం. అదే బండి కింద ఇంకో మూడు చోట్ల ఆయిల్ ఉందని మాత్రం మోత మొదలయ్యేదాకా గుర్తుకురాదు. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్ ఒకటి. ఫోర్ వీల్ పికప్ అయితే ముందు వైపు అలాంటిదే చిన్నది ఇంకొకటి. గేర్‌బాక్స్ వెనక అంటుకుని, ముందు చక్రాలకు కూడా పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మూడోది.

మాకు అనంతపురం దగ్గర చీనీ తోట ఉంది. కాయలు మార్కెట్ యార్డుకు చేర్చేదీ, ఎరువుల బస్తాలు తెచ్చేదీ మా ఫోర్ వీల్ పికప్పే. మొన్న ఈ మూడు ఆయిళ్లూ మార్చాల్సి వచ్చి షాపుకు పోతే, రెండు రకాల డబ్బాలు ముందు పెట్టారు. ఒకటి మామూలు మినరల్ 80డబ్ల్యు-90, రెండోది సింథటిక్ 75డబ్ల్యు-90. ధరలో రెండింతలకు పైనే తేడా. ఖరీదైనది పోస్తే బండికి మంచి చేసినట్టే అని నేనూ చాలా కాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ముందు డబ్బా మీద జీఎల్-5 అనే గేర్ ఆయిల్ గ్రేడు ఉందో లేదో చూడాలి. చాలా పికప్‌ల హౌసింగ్‌లలో పినియన్ అనే చిన్న గేరు, క్రౌన్ అనే పెద్ద గేరుకు సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త కిందికి కూర్చుంటుంది. అందువల్ల పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఉత్త నూనె పొర చిరిగిపోతుంది. దాన్ని తట్టుకోవడానికే జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువగా వేస్తారు. హౌసింగ్ విప్పినప్పుడు ముక్కుకు కొట్టే ఘాటు వాసన ఆ గంధకానిదే. మిగిలింది కదా అని ఆ డబ్బాను మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోయకండి. ఆ మందులు తక్కువగా ఉండే జీఎల్-4 అడిగే గేర్‌బాక్స్‌లలో ఉండే ఇత్తడి రింగులను అదే గంధకం తినేయొచ్చు.

ఇక అంకెలు. డబ్ల్యు ముందున్న అంకె చలిలో చిక్కదనానికి గుర్తు. 75 అంటే మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80 అంటే మైనస్ 26 డిగ్రీల దగ్గర పరీక్ష పెడతారు. మన అనంతపురంలో, కర్నూలులో, కడపలో ఆ చలి ఎక్కడిది? కాబట్టి 75 అన్న అంకె కోసమే అయితే డబ్బు పెట్టడం దండగ. చివరనున్న 90 అంటే 100 డిగ్రీల వేడిలో ఉండాల్సిన చిక్కదనం. అది రెండింటికీ ఒకటే.

సింథటిక్ గొప్పతనం వేరే చోట ఉంది. అది వేడికి త్వరగా పాడవదు. మే నెల ఎండలో నిండు లోడుతో కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కే బండినో, రాత్రింబగళ్లు 44వ నంబర్ హైవే మీద బెంగళూరుకూ హైదరాబాదుకూ తిరిగే బండినో తీసుకోండి. హౌసింగ్ గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. ఆ వేడికి మినరల్ ఆయిల్ నల్లబడి, చిక్కబడి, సారం పోగొట్టుకుంటుంది. సింథటిక్ నిలబడుతుంది. తారు రోడ్డు దిగకుండా దూరాలు తిరిగే బండికి సింథటిక్కే మేలు, అందులో నాకు అనుమానం లేదు.

మా బండి కథ అది కాదు. మాకు దారిలో వంక ఉంది. వానాకాలంలో లోడుతో వచ్చి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీలుస్తుంది. ఆ గాలి రావడానికే పైన బ్రీదర్ ఉంటుంది. మాది ఎర్రదుమ్ముతో బిగుసుకుపోయింది. గాలి అందక సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంది. నిరుడు వానలయ్యాక బోల్టు విప్పితే పాలు ఎక్కువైన కాఫీలా కారింది. అది నేను ఎనిమిది నెలల ముందు ముచ్చటపడి పోయించిన సింథటిక్. నీళ్లు కలిశాక ఏ ఆయిలైనా ఒకటే. బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. ఖరీదైనది పోశాం కదా, ఇంకో రెండేళ్లు చూడనక్కర్లేదన్న ధీమాతో నేను దాని జోలికి పోకపోవడమే అసలు నష్టం.

అందుకే తోటల్లో, వంకల్లో, దుమ్ములో తిరిగే బండికి నా మాట ఇది: బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం ఒప్పుకుంటే మినరల్ 80డబ్ల్యు-90 పోయండి, ఏటా వానలు వెనకబట్టాక మార్చండి. చాలా బండ్ల మాన్యువల్‌లో 40,000 కిలోమీటర్ల చుట్టుపక్కల చెప్తారు గానీ, లోడు, దుమ్ము, నీళ్లు ఉన్న చోట సగానికే మార్చమని కూడా అందులోనే ఉంటుంది. ఒక చక్రం జారినా రెండోదానికి పవర్ అందించే ఎల్‌ఎస్‌డీ ఉన్న ఇరుసైతే దానికి పనికొచ్చే ఆయిలే అడిగి తీసుకోండి, లేకుంటే మలుపుల్లో గరగరమంటుంది.

ఎండకు 85డబ్ల్యు-140 పొయ్యమని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. మాన్యువల్‌లో ఉంటే సరే. అరిగిపోయిన క్రౌన్ మోతను కప్పిపుచ్చడానికి మాత్రం వద్దు. చిక్కటి ఆయిల్‌తో మోత తగ్గుతుంది, అరుగుదల ఆగదు.

ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర మనకు ఎంపిక లేదు. చైనుతో తిరిగేవాటిలో చాలావాటికి ఏటీఎఫ్ అనే పల్చటి ఎర్ర ఆయిల్ కావాలి, కొన్నిటికి గేర్ ఆయిలే కావాలి. చేతిలో ఉన్న 80డబ్ల్యు-90నే మూడింటికీ పోసేద్దామంటే ఒప్పుకోవద్దు. మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే. ఇంకో విషయం, ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తోలితే లోపల బిగుసుకుని చైనూ గేర్లూ నలిగిపోతాయి. ఎంత మంచి ఆయిల్ పోసినా దాన్ని ఆపలేదు.

ఎక్కడ మార్పించాలి అనేది మరో ప్రశ్న. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీసే, బిల్లు చేతిలో ఉంటుంది. ఆ తర్వాత నాకు షెడ్డే నచ్చుతుంది, మనం పక్కన నిలబడి చూడొచ్చు కాబట్టి. ఇంట్లో చేసుకోవచ్చు గానీ చదునైన నేల, స్టాండ్లు, చేతి పంపు ఉండాలి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు, దయచేసి.

ఎక్కడైనా ఒక్క వరస తప్పకూడదు. పైనున్న పోసే బోల్టు ముందు విప్పాలి, కిందిది తర్వాత. మూడేళ్ల కిందట ఒక షెడ్డులో కుర్రాడు కిందిది ముందు విప్పేశాడు. ఆయిలంతా కారిపోయాక చూస్తే పైది తుప్పుపట్టి కదల్లేదు, పానా జారి మూలలు గుండ్రమైపోయాయి. ‘ఏం గాదులే అన్నా, రేపు చూద్దాం’ అన్నాడు. ఆ రేపు ఆదివారం. బండి రెండు రోజులు ఖాళీ హౌసింగ్‌తో అక్కడే ఉంది, కోసిన కాయలు తోటలో ఉన్నాయి. కాయలు తేవడానికి ఆటో బాడుగకు పెట్టుకున్నాను. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కింది బోల్టు కొనకు చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దాన్ని తుడిచేయనివ్వకుండా చేతిలోకి తీసుకోండి. బూడిదరంగు ముద్ద వేళ్ల మధ్య కాటుకలా మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే. గోటికి రవ్వలు తగిలినా, పంటి ముక్కలాంటిది కనిపించినా కొత్త ఆయిల్ పోసి పంపేయడం కాదు, హౌసింగ్ విప్పించాలి. పోసేటప్పుడు బండి చదునుగా ఉండాలి, మాన్యువల్ వేరేలా చెప్పకపోతే ఆయిల్ పై రంధ్రం అంచు దాకా వచ్చి బొట్టు కారితే చాలు. అంతకుమించి నింపితే సీళ్లు దాటి వెనక బ్రేకు లైనర్ల మీదికి పోతుంది. వాషర్లు కొత్తవి వేయించండి.

ఈసారి మా బండికి ముందూ వెనకా మినరల్, ట్రాన్స్‌ఫర్ కేసుకు ఏటీఎఫ్ పోయించాను. మిగిలిన డబ్బుతో బ్రీదర్ మార్పించి, దానికి పైపు తగిలించి నీళ్లు అందనంత ఎత్తుకు కట్టించాను. హౌసింగ్ మీద తెల్ల పెయింటుతో నెల, కిలోమీటర్లు రాయించాను. కార్తీకంలో వంక ఎండాక మళ్లీ విప్పి చూస్తాను.