పేరుపెట్టి చెప్పకపోతే ఏదీ దాచుకోదు: టైనీ కోర్‌తో మూడేళ్లు

ఏడంగుళాల తెర ఉన్న బుల్లి ల్యాప్‌టాప్ ఆసుస్ ఈ-పీసీ 701లో టైనీ కోర్ లినక్స్ అనే అతి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని మూడేళ్లు దాటింది. ఇన్‌స్టాల్ ఎలా చేయాలో, సైజు ఎంతో మళ్లీ రాయను, అవి అందరికీ తెలిసినవే. నాకు దీని మీద ప్రేమ పుట్టించిందీ, ఒక మధ్యాహ్నం ఏడుపు తెప్పించిందీ ఒకటే గుణం. మనం పేరుపెట్టి చెబితే తప్ప ఇది ఏదీ దాచుకోదు.

ముందు ప్రేమ సంగతి. బూట్ అయ్యాక సిస్టమ్ అసలు భాగం ర్యామ్‌లోనే, అంటే కరెంటు పోతే ఖాళీ అయ్యే తాత్కాలిక మెమరీలోనే బతుకుతుంది. అందుకే దేన్ని తీసేయడానికైనా భయం వేయదు. తీసి చూడటం, పాడైతే ఆపి మళ్లీ ఆన్ చేయడం, అంతే. నిన్నటి సిస్టమ్ నిన్నటిలాగే లేచి కూర్చుంటుంది. ఈ మెషిన్ 2007 నాటిది, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ డిస్క్. దీంతోపాటు వచ్చిన జాండ్రాస్ అనే మరో లినక్స్‌లో సిస్టమ్ భాగం కదపడానికి వీల్లేకుండా అడుగున ఉండేది. ఏం తీసేసినా చోటు తిరిగొచ్చేది కాదు, అప్‌డేట్ చేసినకొద్దీ ఉన్నది కూడా తరిగిపోయేది. దాంతో వేగి వేగి ఇటు వచ్చినవాణ్ణి. ఇక్కడ ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో ఫైలు. ఆన్ చేయగానే ఏవి ఎక్కాలో చెప్పే ఆన్‌బూట్ జాబితాలో ఒక వరుస చెరిపితే మర్నాటికి అది లేనట్టే. రెండు నెలలు రాత్రుళ్లు కూర్చుని ఆ జాబితాను ముప్పై ఎనిమిది వరుసల నుంచి పదకొండుకు దించాను. అంత తృప్తి నాకు ఏ కొత్త కంప్యూటర్ కొన్నప్పుడూ కలగలేదు.

ఆ ఊపులోనే ఒక పొరపాటు చేశాను. మా ఊరి గ్రంథాలయంలో పాత పుస్తకాల పేర్లు ఎక్కించడానికి ఈ మెషిన్‌ని వాడుతున్నాను. ఆ పనికి లీఫ్‌ప్యాడ్ అనే చిన్న ఎడిటర్ ఉండేది. సిస్టమ్‌తో వచ్చే ఎడిటర్ చాలు కదా అని లీఫ్‌ప్యాడ్‌నీ, దాని వెంట వచ్చిన, తెర మీద కిటికీలు గీసే జీటీకేనూ, అక్షరాలు కూర్చే పాంగోనూ తీసేశాను. తర్వాత 'స్త్రీ' అని కొడితే స పక్కన పొల్లు, త పక్కన ఇంకో పొల్లు, ఆ పక్కన ర, చివర ఎటూ అతుక్కోని గుడిదీర్ఘం. ఆ ఎడిటర్‌కి ఆధారమైన, జీటీకే లాంటిదే అయిన ఎఫ్ఎల్‌టీకే అక్షరాలను వరుసగా పేరుస్తుందే గానీ వత్తులను కిందికి చేర్చదు. చేర్చే పని పాంగోది. ఆ రాత్రే అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. తెలుగు రాయాలంటే ఎంతవరకు తగ్గించుకోవచ్చో అప్పుడు తెలిసింది.

ఇక ఆ మధ్యాహ్నం. నా మెషిన్ బ్యాటరీ వయసు మీద పడి ఎప్పుడో పోయింది, అడాప్టర్ మీదే నడుస్తోంది. పొద్దున పది నుంచి లైబ్రేరియన్ గారు ఒక్కో పుస్తకం తీసి పేరు, నంబరు చదువుతున్నారు, నేను కొడుతున్నాను. ప్రతి పది పేర్లకీ కంట్రోల్-ఎస్ నొక్కాను. నూట నలభై ఆరో పుస్తకం దగ్గర కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేసి ఫైలు తెరిస్తే ముందు రోజు సాయంత్రం దగ్గరే ఆగి ఉంది.

కారణం ఇదీ. టైనీ కోర్‌లో మన ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ కూడా మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది. పద్ధతిగా ఆపినప్పుడు హోమ్, ఆప్ట్ ఫోల్డర్లను ఒక్క ఫైలుగా కట్టి డిస్క్ మీద పెడుతుంది. వాళ్లు ఇది దాచలేదు, నేను చదివాను కూడా. కానీ ఇన్నేళ్లుగా సేవ్ నొక్కితే పని భద్రం అన్న అలవాటు వేళ్లలో పాతుకుపోయింది. నేను నొక్కిన సేవ్‌లన్నీ ర్యామ్‌లోకే పోయాయి.

"ఎన్ని పోయాయి బాబూ?" అన్నారాయన.

"ఈ రోజువన్నీ అండీ."

ఆయన మారు మాట్లాడలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్లి పై అరలో మొదటి పుస్తకం మళ్లీ తీసి, అట్ట తుడిచి, పేరు చదవడం మొదలుపెట్టారు. దాదాపు డెబ్భై ఏళ్ల మనిషి. నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ వారమే, ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్ చదివే బూట్ లైన్‌లో హోమ్‌ని డిస్క్‌కి మళ్లించాను. బ్యాకప్ జాబితాలోంచి హోమ్ అన్న వరుస తీసేయడం మరిచిపోకండి, లేకపోతే ఆపిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ మొత్తాన్ని మళ్లీ మూట కడుతూ కూర్చుంటుంది. డిస్క్ మీద సేవ్ చేసినా రాత కాసేపు ర్యామ్‌లోనే ఆగవచ్చు. అందుకే సేవ్ తర్వాత, ఆగి ఉన్న రాతను వెంటనే డిస్క్‌కి పంపే సింక్ అన్న ఆదేశం కొట్టడం అలవాటు చేసుకున్నాను. తర్వాత రెండుసార్లు కావాలనే ప్లగ్ పీకి చూశాను, ఒక్క పేరూ పోలేదు.

అయితే ఇప్పుడు నా సిస్టమ్ మొత్తం ర్యామ్‌లో ఉందని చెప్పలేను. తెర మీద బొమ్మ చూపించడానికి డిఫాల్ట్‌గా వచ్చే ఎక్స్‌వెసాతో ఈ తెరకి 800×480 కుదరక, అదే పని చేసే పెద్ద ప్రోగ్రామ్ ఎక్సార్గ్ వేశాను, తెలుగు కీబోర్డుకీ అదే అక్కరకొచ్చింది. దానికి తోడు జీటీకే, ఫాంట్లు. పదకొండు వరుసలు పంతొమ్మిది అయ్యాయి. అయినా తెచ్చుకున్న ప్రతి వరుసా ఎందుకుందో నాకు తెలుసు. ఇంకే సిస్టమ్‌లోనూ నేను ఆ మాట అనలేను.

ఇప్పటి వెబ్‌సైట్లు చూడాలంటే మాత్రం దీని జోలికి రావద్దు, 512 ఎంబీలో బ్రౌజర్ నడిపించడం నరకం. నాకు ఒక్కటే పని, అదీ రాత పని, రాత్రి పూట తీరిక ఉంటుంది, కాబట్టి సరిపోయింది. ఇంట్లో పిల్లలూ వాడే మెషిన్ అయితే నేనే వేయను. బ్యాటరీ బాగుంటే మీకు నా కష్టం రాకపోవచ్చు, అయినా మొదటి రోజే హోమ్‌ని డిస్క్ మీదికి తెచ్చుకోండి.

మా జాబితా ఇప్పటికి 2,310 పుస్తకాల దగ్గరుంది. కిటికీ పక్క బీరువా ఒక్కటే మిగిలింది.