దరోజీలో రెండు సాయంత్రాలు

డబ్బు ఖర్చు పెట్టుకుని ఎలుగుబంటిని చూడటానికి వెళ్లడమేమిటని మా బాబాయి రైలెక్కే రోజు వరకూ అంటూనే ఉన్నారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మందస వైపు పల్లె. ఒకనాడు తెల్లవారుజామున జీడితోటకు వెళ్లి ఎలుగు బారిన పడ్డారు. ఎడమ భుజం మీద ఆ గోళ్ల గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. హంపి చూపిస్తామని ఒప్పించి, పిన్నితో కలిపి నలుగురం విశాఖ నుంచి గుంతకల్లు మీదుగా కర్ణాటకలోని హోస్పేట చేరుకున్నాము. హంపిలో రెండు రోజులు హాయిగా గడిచాయి.

చిక్కంతా మూడో రోజు మొదలైంది. హోస్పేటలో మేము దిగిన లాడ్జిలో గదికి రోజుకు 1,900 రూపాయలు. గదులు శుభ్రంగానే ఉన్నాయి. అయితే దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యానికి వెళ్లాలని చెప్పగానే, కౌంటరులోని వ్యక్తి జీపులో అడవి లోపలికి తీసుకెళ్లి పది అడుగుల దూరంలో ఎలుగును చూపిస్తామని నమ్మబలికి, 3,800 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. రెండింటికి రావలసిన జీపు నాలుగుంబావుకు వచ్చింది. దారిలో డ్రైవరు టీ కోసం అరగంట ఆపాడు. మేము చేరేసరికి అయిదు దాటింది, ఎదురుగా ఉన్న బండల మీద రెండు నెమళ్లు తప్ప ఏమీ లేవు. సందర్శకులు వాచ్ టవర్ దాటి వెళ్లడానికి వీల్లేదని అటవీ సిబ్బంది స్పష్టంగా చెప్పారు. ఎలుగులను బయటికి రప్పిస్తానంటూ డ్రైవరు హారన్ మోగించినప్పుడు నాకు సిగ్గుతో తల వంగిపోయింది. తిరిగి వచ్చి నిలదీస్తే లాడ్జివారు 500 రూపాయలు చేతిలో పెట్టి, అంతకు మించి కుదరదన్నారు.

ఆ రాత్రి పిన్ని ఎవరితోనూ మాట్లాడలేదు. బాబాయి మాత్రం ఒకటే మాట అన్నారు: "పది అడుగుల దూరంలో ఎలుగుంటే ఏమవుతుందో తెలిసినవాడు ఆ మాట చెప్పి డబ్బు తీసుకోడు."

మరునాడు హంపి పక్కనున్న కమలాపురంలో ఆటో మాట్లాడుకున్నాము. వెయిటింగుతో కలిపి 1,100 రూపాయలు. డ్రైవరు తెలుగు చక్కగా మాట్లాడాడు, చెప్పిన వేళకు వచ్చాడు, టవర్ దగ్గర నోరు మెదపలేదు. దరోజీకి వెళ్లాలనుకునేవారు ఏ ప్యాకేజీ జోలికీ పోకుండా ఇలాగే వెళ్లాలని గట్టిగా చెబుతున్నాను. రెండున్నరకల్లా టవర్ ఎక్కి కూర్చోవాలి, బైనాక్యులర్ తప్పనిసరిగా ఉండాలి.

1994లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో సిబ్బంది మధ్యాహ్నం వేళ బెల్లం కలిపిన ముద్దను బండల మీద పూసి వెళ్లిపోతారు. ఎండ వాలుతుండగా ముందు ముంగిసలు వచ్చాయి. తరువాత రాళ్ల సందు నుంచి నల్లటి తల ఒకటి బయటికి వచ్చింది, దాని వీపు మీద రెండు పిల్లలు జుట్టు పట్టుకుని కూర్చున్నాయి. పిల్లలను ఇలా వీపున మోసుకు తిరగడం ఈ జాతి ఎలుగుకే అలవాటు. పై ముందుపళ్లలో రెండు లేకపోవడం వల్ల ఏర్పడిన సందు గుండా ఇది చెదపురుగులను పీల్చుకుంటుంది. అదే నోటితో బండ మీది బెల్లాన్ని నాకుతుంటే పిల్లలు దిగి తల్లి కాళ్ల మధ్య దూరాయి. తన చిన్నతనంలో ఊళ్లోకి పకీరు తెచ్చిన ఎలుగుకు ముక్కులో తాడుండేదని, పిల్లలకు జడుపు పోవాలని దాని వెంట్రుకలతో తాయెత్తు కట్టించేవారని పిన్ని మెల్లగా చెప్పింది. తాడు లేని ఎలుగును ఆమె చూడటం ఇదే మొదలు.

ఇలా బెల్లం పెట్టి రప్పించడం మంచిదేనా అని నాకు సందేహం లేకపోలేదు. అయినా ఇక్కడ మనిషికీ ఎలుగుకూ మధ్య ఒక లోయంత దూరముంది. ఉద్దానంలో ఆ దూరమే లేదు. జీడిమామిడి, పనస పండే కాలంలో మనిషీ ఎలుగూ ఒకే చెట్టు కిందికి వస్తారు. దాని చూపు మందం, తల వంచుకుని తింటూ ఉంటుంది. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించగానే బెదిరి మీదపడుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒకరి ప్రాణం తీసి, మరికొందరిని గాయపరిచిన ఎలుగు, మత్తుమందిచ్చి పట్టుకున్న తరువాత చనిపోయింది. రెండు వైపులా నష్టపోయిన ఆ సంగతిని బాబాయి అంతకుముందు ఎన్నడూ మా దగ్గర ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆయనే ఎత్తి, తన సంగతీ చెప్పారు. బైనాక్యులర్ కళ్లకు ఆనించుకునే, "ఆ రోజు నా మీదకు వచ్చిన దాని వెనకా ఒక పిల్ల ఉంది. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఊరంతా కర్రలతో వెళ్లేవారు" అన్నారు. చీకటి పడుతోందని సిబ్బంది వచ్చి పిలిచేవరకు ఆయన ఆ బండల మీద నుంచి చూపు తిప్పలేదు.